గలాటా బురుజు ఎక్కబోయే పిల్లలకు

పిల్లలూ,

వచ్చే సెలవుల్లో ఇస్తాంబుల్ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నాకు గలాటా బురుజే గుర్తొచ్చింది. మీరేం చేస్తారో నాకు తెలుసు: లిఫ్టులో జుమ్మని పైకెళ్ళి, బాల్కనీలో నాలుగు ఫోటోలు దిగి, ఐస్‌క్రీం కోసం కిందికి పరిగెత్తుతారు. ఫోటోలు దిగండి, వద్దనను. కానీ కిందికి వచ్చేటప్పుడు మాత్రం మెట్ల మీదుగా, మెల్లగా, గోడల్ని చూస్తూ రండి.

ఆ బురుజు బయటి వ్యాసం 16.45 మీటర్లు, లోపలి వ్యాసం 8.95. మరి గోడ మందం ఎంత? తేడాలో సగమే తీసుకోవాలి, మర్చిపోకండి. రెండు మంచాలు పొడుగ్గా ఒకదాని వెనక ఒకటి వేసినంత వస్తుంది, చేసి చూడండి.

దాన్ని 1348లో కట్టింది ఇటలీలోని జెనోవా అనే రేవు పట్నం నుంచి వచ్చిన వర్తకులు. గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు అవతలి ఒడ్డున బైజాంటియన్ చక్రవర్తుల కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్ అదే), ఇవతలి గట్టు మీద వీళ్ళ గలాటా పేట, దాని చుట్టూ కోటగోడ. ఆ గోడలో అన్నిటికన్నా ఎత్తైన కాపలా బురుజు ఇది. 1453లో ఒట్టోమన్ తురుష్కుల సుల్తాన్ రెండో మెహ్మద్ కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి వచ్చేసరికి ఆ పాయకు అడ్డంగా ఇనుప గొలుసు కట్టి ఉంది, ఓడలు లోపలికి పోలేవు. ఆయనేం చేశాడో తెలుసా, సుమారు 70 ఓడల్ని ఒడ్డుకెక్కించి, కొవ్వు పూసిన దుంగల మీద గలాటా వెనక కొండ దాటించి, పాయలోకి దింపేశాడు! ఆ గొలుసు ఈ బురుజుకే కట్టారని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి, అది నీళ్ళ పక్కనున్న వేరే బురుజు.

ఊరు ఒట్టోమన్లదయ్యాక దీనికి పనులు మారుతూ వచ్చాయి, కొంతకాలం జైలు కూడా. నాకు బాగా నచ్చేది మంటల కాపలా. అప్పటి ఇస్తాంబుల్‌లో ఎక్కువగా చెక్క ఇళ్ళే, ఒకచోట అంటుకుంటే పేటలకు పేటలు బూడిదయ్యేవి. అందుకని 1717 నుంచి పైన మనుషుల్ని పెట్టారు, పొగ కనిపిస్తే పెద్ద నగారా మోగించేవాళ్ళు. అలాంటిది 1794లో ఒకసారి, 1831లో మరోసారి ఆ బురుజే కాలింది, పాపం. మళ్ళీ కట్టుకున్నారు. 1864లో చుట్టూ ఉన్న కోటగోడను చాలావరకు కూల్చేసినా దీన్ని ఉంచారు. 1875లో తుఫానుకి పైనున్న శంకువు ఆకారపు కప్పు ఊడిపోతే, దాదాపు తొంభై ఏళ్ళు ఆ టోపీ లేకుండానే నిలబడింది.

మీరు చూసే ఆ కోసు కప్పు 1960ల్లో పెట్టింది. లోపలి చెక్క కట్టడం తీసేసి కాంక్రీటు వేసిందీ అప్పుడే. "అయితే ఇది అసలుది కాదా తాతయ్యా" అని అడుగుతారేమో. కింది అంతస్తుల గోడలు జెనోవా వాళ్ళవి, పైవి ఒట్టోమన్లవి, నెత్తిన కప్పు నిన్నమొన్నటిది. నా లెక్కలో అన్నీ అసలువే, ఏది ఎప్పటిదో దాచనంతవరకూ. 2020లో దీన్ని మ్యూజియంగా మార్చేటప్పుడు పనివాళ్ళు లోపలి గోడను డ్రిల్లు మిషన్‌తో పగలగొడుతున్న వీడియో బయటికొచ్చి జనం మండిపడ్డారు. అది తర్వాతి కాలంలో కట్టిన గోడేనని అధికారులు చెప్పారు. సరే, కావచ్చు, అయినా జనానికి అంత కోపం రావడం నాకు సంతోషమే. అడిగేవాళ్ళు లేని చోట పాత గోడలు మిగలవు.

లిఫ్టు చివరిదాకా పోదు, ఆఖరి రెండంతస్తులు మెట్లే. బాల్కనీ ఇరుకు, రద్దీ ఎక్కువ, చెల్లి చెయ్యి వదలకండి. అక్కణ్ణించి బాస్ఫరస్ జలసంధి కనిపిస్తుంది కదా, దాని అవతలి ఒడ్డు ఉస్కుదార్. 17వ శతాబ్దంలో హెజార్ఫెన్ అహ్మద్ అనే ఆయన రెక్కలు కట్టుకుని ఈ బురుజు మీంచి దూకి అక్కడిదాకా ఎగిరాడని ఎవ్లియా చెలెబీ అనే యాత్రికుడు రాశాడు. ఆ కాలం వాళ్ళు ఇంకెవరూ రాయలేదు, చరిత్రకారులకు అనుమానమే. బురుజు ఎత్తు అరవై మీటర్ల పైచిలుకు, అవతలి ఒడ్డు మూడు కిలోమీటర్ల పైనే. కొండ ఎత్తు కూడా కలుపుకుని, సాధ్యమా కాదా ఇద్దరూ వాదించుకుని నాకు రాయండి.

మీ తాతయ్య