చిక్కుడుకు చలికాలం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

రైతు బజార్‌కి బయల్దేరే ముందే ఈవేళ ఏం కూరో ఫిక్స్ చేసేసుకోకండి. అక్కడ ఏది కుప్పలుగా వచ్చిందో, అందులో ఏది లేతగా ఉందో చూశాక ఆలోచించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఈ బజార్లు మొదలైంది దళారి లేకుండా రైతు చేతికి నాలుగు డబ్బులు రావాలని. దాంతోపాటు కోతకీ మన పొయ్యికీ మధ్య గంటలు కూడా తగ్గాయి, వండుకునేవాళ్లకు అది చాలా పెద్ద లాభం.

చిక్కుడు సంగతే చూడండి. నాటు పందిరి చిక్కుడు ఆషాఢంలో విత్తితే వానాకాలమంతా తీగ పాకుతుంది, ఆకు వేస్తుంది, పందిరంతా కమ్మేస్తుంది, పూత మాత్రం రాదు. ఎరువు చాలక కాదు, ఆ మొక్క రాత్రుల పొడవు కొలుస్తూ కూర్చుంది! ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, అది వెలుతురులో ఒక రూపంలోకి మారి చీకట్లో మెల్లగా పాత రూపానికి వస్తుంది. హైదరాబాద్‌లో జూన్ పగలు సుమారు 13 గంటలు, డిసెంబర్ పగలు సుమారు 11. మనం పెద్దగా పట్టించుకోని ఆ రెండు గంటల తేడా చిక్కుడుకు చాలు, రాత్రి తగినంత పెరగ్గానే ఆకుల నుంచి కొమ్మల చివరికి పూతకు కబురు వెళ్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఎంత సహజమో చూడండి, అప్పటికి తీగ నిండా కాయే. గోంగూరదీ ఇదే పద్ధతి. వానల్లో ఏపుగా ఆకు వేస్తుంది, పగలు తగ్గాక పూతకొచ్చి ఆకు చిన్నదై పీచుపడుతుంది.

మరి ఎండల్లో కూడా చిక్కుడు దొరుకుతోందిగా అంటారేమో. పగటి నిడివితో పనిలేకుండా కాసే అర్క జయ్, అర్క విజయ్ లాంటి రకాలను బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చింది. రైతుకు అది మేలే. నాకైతే చలికాలపు పందిరి కాయ కమ్మదనమే వేరు.

తెంపినంత మాత్రాన కాయ చచ్చిపోదు. ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తనలోని చక్కెరను ఖర్చు చేస్తూ వేడినీ తేమనూ వదులుతుంది, పది డిగ్రీల వేడి పెరిగితే ఆ వేగం దాదాపు రెండు మూడు రెట్లవుతుంది. అందుకే ప్లాస్టిక్ కవర్లో బిగించి ముడేసిన చిక్కుడు ఆ తేమలోనే జిగటబారి కుళ్లుతుంది. ఇంటికి రాగానే కవరు విప్పి, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

వండేటప్పుడు ఈనెలు తీసి చేత్తో తుంచి, కాస్త నీళ్లు చల్లి ముందు మెత్తగా ఉడికించాలి, చింతపండు పులుసు ఆ తర్వాతే. కాయ గోడలను పట్టి ఉంచే పెక్టిన్ వేడికి కరిగితేనే ముక్క మెత్తబడుతుంది, పులుపు దాన్ని సులువుగా కరగనివ్వదు. ముందే పోస్తే ఎంతసేపు మగ్గించినా ముక్క గట్టిగానే ఉంటుంది, పైగా పత్రహరితం చెడి పచ్చరంగు పోతుంది. మూత కూడా మొదట్లో కాసేపు తీసి ఉంచితే కాయలోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో పోయి రంగు కొంచెం నిలుస్తుంది.

టమాటా మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, దయచేసి! పండిన టమాటాలను 5 డిగ్రీల చలిలో వారం ఉంచి చూసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. చక్కెరా పులుపూ పెద్దగా మారలేదు కానీ, వాసన పదార్థాలను తయారుచేసే జన్యువులు మందగించాయి, బయట పెట్టాక కూడా ఆ వాసన పూర్తిగా తిరిగి రాలేదు. పప్పులోకి పండు టమాటా కావాలంటే రెండు మూడు రోజులకు సరిపడా కొని, బుట్టలో తొడిమ వైపు కిందికి పెట్టుకోండి. తేమ ఎక్కువగా బయటికి పోయేది తొడిమ ఊడిన ఆ మచ్చ దగ్గరే.