గ్రాఫ్ థియరీ ప్రాజెక్టులు: డిగ్రీ పిల్లల్లో అపోహలు, వాస్తవాలు

నల్గొండలో డిగ్రీ, ఎమ్మెస్సీ పిల్లలతో గ్రాఫ్ థియరీ ప్రాజెక్టులు చేయిస్తుంటాను. గ్రాఫ్ అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు. ఏటా ఇవే మాటలు వింటాను.

అపోహ: తేలని సమస్యలు ఐఐటీల వాళ్లకే.

వాస్తవం: పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా ఏ మ్యాపుకైనా నాలుగు రంగులు సరిపోతాయా అని 1852లో అడిగిన ఫ్రాన్సిస్ గూత్రీకి అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. జవాబు రావడానికి మాత్రం 1976 దాకా పట్టింది.

అపోహ: ప్రాజెక్టు అంటే సమస్య మొత్తం తేల్చాలి.

వాస్తవం: ఈ టెన్షన్‌తోనే చాలామంది వెనక్కి పోతారు. ఒక మూల పట్టుకుంటే చాలు. అద్దంకి రోడ్డు మీద నార్కట్‌పల్లి, నల్గొండ, తిప్పర్తి, మిర్యాలగూడ, వాడపల్లి వరుసగా వస్తాయి. వీటికి 0, 4, 1, 3, 2 అని నంబర్లు వేయండి. పక్కపక్క ఊళ్ల తేడాలు 4, 3, 2, 1. ఏదీ రెండోసారి రాలేదు. అన్నీ కలిసి ఉండి, ఎక్కడా రింగ్ లేని గ్రాఫ్‌ను ట్రీ అంటాం. ప్రతి ట్రీకీ ఇలా 0 నుంచి వరుస నంబర్లు ఒక్కోటి ఒక్కసారే వేస్తే, తేడాలు ఏవీ రెండోసారి రాకుండా కుదురుతాయా? అలెగ్జాండర్ రోసా 1967 పేపర్ నుంచి నేటికీ తేలలేదు. రోడ్డులా సాగే పాత్‌లకు తేలింది. మీరు ఇంకో రకం ట్రీ తీసుకోండి.

అపోహ: జర్నల్‌లో పేపర్ పడితే రీసెర్చ్ అయినట్టే.

వాస్తవం: డబ్బు కడితే ఏదైనా వేసే జర్నళ్లున్నాయి. కొత్త లేబులింగ్ (నంబర్లు వేసే పద్ధతి) పేరొకటి పెట్టి, పాత్‌కీ సైకిల్‌కీ (రింగ్‌కీ) సరిచూసి పంపే పేపర్లంటే నాకు విసుగు.

అపోహ: కంప్యూటర్‌లో సరిపోతే ప్రూఫ్ దొరికినట్టే.

వాస్తవం: 35 బిందువుల వరకు ఉన్న ట్రీలన్నీ కంప్యూటర్‌తో చూశారు, అన్నీ సరిపోయాయి. అయినా అది ఇంకా ప్రూఫ్ లేని ఊహే. ఊహలు తప్పవచ్చు కూడా. గ్రాఫ్‌లకు రంగులు వేయడం గురించి 1966లో హెడెట్‌నియెమి చేసిన ఊహను 2019లో యారొస్లావ్ షిటోవ్ మూడు పేజీల్లో తప్పని తేల్చాడు.

మా పిల్లలకు ఇచ్చే లెక్క ఇది. ఐదు ఊళ్లు రింగ్‌గా ఉన్నాయి. 0 నుంచి 5 వరకు ఉన్న వాటిలో వేర్వేరు నంబర్లు వేస్తే పక్కపక్క ఊళ్ల తేడాలు 1, 2, 3, 4, 5 రావాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ అలాంటి నంబర్లు దొరకలేదని చెబుతుంది, ఎందుకో చెప్పదు. రింగ్ చుట్టి మొదలుపెట్టిన నంబరుకే వస్తాం కనుక ఎంత పెరిగామో అంతే తగ్గాలి. అంటే తేడాల మొత్తం సరిసంఖ్య కావాలి. ఇక్కడ అది 15, కాబట్టి కుదరదు. ఆరు ఊళ్లకు 21, అదీ కుదరదు. ఏడు, ఎనిమిది ఊళ్లకు కుదురుతుంది, వేసి చూడండి.