తెల్ల పాముకు ధర ఎలా పుట్టింది?

చంద్రపూర్ జిల్లాలో రాజురా, నాందేడ్ జిల్లాలో కిన్వట్, గడ్చిరోలి జిల్లాలో సిరొంచ. మహారాష్ట్రలో ఉన్నా బజారులో తెలుగు వినిపించే ఊళ్లు ఇవి. రాజురా, కిన్వట్ తాలూకాలైతే 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. కొంతకాలంగా ఈ వైపు ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతున్నాయి. అరచేతిలో ముడుచుకున్న తెలుపు, పసుపు పాము కనిపిస్తుంది. దాని కింద లక్షల్లో ధర ఉంటుంది. ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలే వారిని మహారాష్ట్రలో సర్పమిత్రులు అంటారు. పొలంలో రంగు తేడాగా ఉన్న పాము కనిపిస్తే దీనికెంత వస్తుందని వారినే అడుగుతున్నారు.

ఏమీ రాదు, వస్తే కేసు వస్తుంది. జవాబు అంతే. అయినా వీడియోలోని ధర పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం. వేరే దేశంలో, వేరే పాముకు, ఏదో ఒక సంవత్సరం ఆ ధర నిజంగానే పలికి ఉండవచ్చు. అది దేనికి కట్టిన ధరో ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇంత గందరగోళం.

ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది బాల్ పైథాన్. మన కొండచిలువకు దూరపు బంధువు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దీని సొంత ప్రాంతం. విషం లేదు, నాలుగైదు అడుగులకు మించి పెరగడం అరుదు. భయపడితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో ఈ పాములకు గుడి ఉంది. అక్కడివారు వీటిని చంపరు, ఇంట్లోకి వస్తే మర్యాదగా సాగనంపుతారు. అదే బెనిన్, పక్కనున్న టోగో, ఘనా దేశాల నుంచే దశాబ్దాలుగా లక్షల సంఖ్యలో ఈ పాములు అమెరికా, యూరప్‌లకు ఎగుమతి అయ్యాయి. బొరియల్లోని గుడ్లనూ, గుడ్లతో ఉన్న ఆడ పాములనూ తెచ్చి, పిల్లలను పొదిగించి పెట్టెల్లో పంపే పద్ధతి అక్కడ స్థిరపడింది. పుట్టను పూజించి పాములవాడికి పాత చీర ఇచ్చే మనకు ఈ రెండూ పక్కపక్కనే ఉండడం వింతగా తోచదు.

గోధుమ, నలుపు మచ్చలున్న మామూలు పిల్లకు విదేశీ దుకాణంలో పెద్ద ధర ఉండేది కాదు. వేలల్లో ఎప్పుడో ఒకసారి, నల్ల రంగు అసలే లేని పసుపు తెలుపు పామో, ఒంటి మీద సగం తెల్లగా వదిలేసిన పామో బొరియలోంచి బయటపడేది. వ్యాపారం మలుపు తిరిగింది అక్కడే. అయితే అరుదైనదాన్ని పట్టుకుని అమ్మడం ఒక ఎత్తు, అరుదైనదాన్ని తయారు చేయడం మరో ఎత్తు. రెండోది సాధ్యమని ముందు తేలింది ఇంకో జాతిలో. 1953లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో నల్ల వర్ణం లేని కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు దాన్ని జత కట్టించి, ఆ రంగు మెండెల్ చెప్పిన లెక్క ప్రకారమే తరాలు దిగుతుందని చూపించాడు. బఠాణీ మొక్కల సూత్రం పాములకూ వర్తించింది.

బాల్ పైథాన్లలో ఆ పని 1992లో జరిగింది. బాబ్ క్లార్క్ అనే పెంపకందారు అడవిలో పట్టిన ఆల్బినో, అంటే నల్ల వర్ణం లేని పాము నుంచి ఆల్బినో పిల్లలను పుట్టించాడు. 1997లో పీట్ కాల్ పైబాల్డ్‌ను, అంటే తెల్ల మచ్చల పామును, వారసత్వంగా దిగేదని నిరూపించాడు. అదే ఏడాది గ్రెగ్ గ్రాజియాని పసుపు మెరుపు ఎక్కువగా ఉండే పాస్టెల్‌ను తెచ్చాడు. 1999లో సాలెగూడు లాంటి గీతలున్న స్పైడర్ వచ్చింది. ఇలాంటి ఒక్కో రంగు రకాన్ని ఈ రంగంలో మార్ఫ్ అంటారు. ఇప్పుడు వాటి కలయికలు వేలల్లో ఉన్నాయి.

నిరూపించడం అన్న మాటే ఈ ధరలకు తాళంచెవి. అడవి నుంచి వచ్చిన వింత పాము ధర ఒక పందెం. దాని రంగు పిల్లలకు దిగుతుందో లేదో ఎవరికీ తెలియదు. దిగుతుందని తేలిన రోజున కొనేవాడు పాముకు డబ్బు ఇవ్వడు, దాని కడుపున పుట్టబోయే వాటికి ఇస్తాడు. ఆ బేరంలో అందం చివరి లెక్క.

ఒక ఆడ బాల్ పైథాన్ ఒక కాన్పులో సుమారు ఆరు గుడ్లు పెడుతుంది. అవి పగలడానికి రెండు నెలలు పడుతుంది. ఆడది జతకు సిద్ధం కావడానికి మూడేళ్ల దాకా పడుతుంది, మగదానికి ఏడాది చాలు. ఒక సీజన్‌లో ఒక మగ పాము అయిదారు ఆడవాటితో కలవగలదు. పాస్టెల్ లాంటి, ఒక్క తల్లి లేదా తండ్రి నుంచి వచ్చినా బయటపడే లక్షణమే తీసుకుందాం. ఒక మగది, అయిదు ఆడవి, ముప్పై గుడ్లు. సగం పిల్లలకు ఆ రంగు వస్తుంది, అంటే 15. వాటిలో ఏడు మగవి. మరుసటి ఏడాది ఆ ఏడూ ఏడుగురి ఇళ్లలో అదే పని చేస్తే వందకు పైగా కొత్త పిల్లలు. మొదటివాడు ఒక పాముకు కట్టించుకున్న ధర మూడోవాడికి చేరేసరికి ఎందుకు కరిగిపోతుందో ఈ లెక్కే చెబుతుంది. అందుకే కొత్త లక్షణం వచ్చిన మొదటి ఏడాదిలో మగ పాము కోసం ఎగబడతారు. తర్వాత, మూడేళ్లు ఎలుకలు మేపిన ఆడదానికే విలువ నిలుస్తుంది.

ఆల్బినో, పైబాల్డ్, క్లౌన్ లాంటివి వేరు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితే తప్ప ఆ రంగు బయటపడదు. కాబట్టి మామూలు పాముతో కలిపితే మొదటి తరం పిల్లలన్నీ మామూలుగానే ఉంటాయి, లక్షణం లోపల దాగి ఉంటుంది. అలాంటి పిల్లను హెట్ అంటారు. రెండు హెట్‌లను కలిపితే నాలుగింట ఒకటి రంగుతో పుడుతుంది. ఇలాంటి లక్షణాలు రెండు కలిసి ఒకే పాములో రావాలంటే వాటా పదహారింట ఒకటి. ఆరు గుడ్లలో అది రాకపోవడమే ఎక్కువ. ఈ ఆలస్యం వల్లనే పైబాల్డ్, క్లౌన్ ధరలు పాస్టెల్ కంటే చాలా ఏళ్లు నిలదొక్కుకున్నాయి.

ఇక్కడే ఈ బజారులో నాకు అన్నిటికంటే విచిత్రంగా కనిపించే సరుకు ఉంది. రెండు హెట్‌లకు పుట్టి, చూడటానికి మామూలుగా ఉన్న పిల్లలో ఆ లక్షణం దాగి ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. దాన్ని 66 శాతం హెట్ అని పేరు పెట్టి, మామూలు పాముకంటే ఎక్కువకు, ఖాయమైన హెట్ కంటే తక్కువకు అమ్ముతారు. సంభావ్యతకే ధరచీటీ అంటించారన్నమాట. కంటికి తేడా లేదు, చేతికి తేడా లేదు, అమ్మేవాడి నోటిమాటే సాక్ష్యం. పేరున్న పెంపకందారు పాముకు ఎక్కువ ధర పలకడానికి సగం కారణం ఇదే. ఇటీవల విడిచిన కుబుసంలోని డీఎన్ఏను పరీక్షించి కొన్ని లక్షణాలు చెప్పే సేవలు విదేశాల్లో వచ్చాయి. దాంతో ఈ నమ్మకం ధరకు కొంత కోత పడింది.

వీటి తర్వాతే మిగతా లెక్కలు: బరువు, గీతల శుభ్రత, వంశ చరిత్ర, తిండి. బాల్ పైథాన్ అలిగితే నెలల తరబడి ముట్టదు కనుక, గడ్డకట్టించి కరిగించిన ఎలుకను మారాం చేయకుండా తినే పాముకు గిరాకీ.

ధరలు పడిపోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ సరుకు ఖర్చయిపోదు. పెంపకంలో బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో అరవై ఏళ్లు దాటిన ఆడ బాల్ పైథాన్, ఏళ్ల తరబడి మగదాని పక్కకు పోకుండానే గుడ్లు పెట్టింది. కొన్నవాడే రెండేళ్లకు అమ్మేవాడవుతాడు, పాత పాము బజారులోంచి పోదు. ఒకప్పుడు వేల డాలర్ల ఆల్బినో ఇప్పుడు అమెరికాలో ఒకటి రెండు వందల డాలర్లకు దొరుకుతుంది. కానీ ఎలుకల ఖర్చు, పెట్టె వేడి చేసే కరెంటు ఖర్చు చవక పాముకూ ఖరీదైన పాముకూ ఒకటే. కాబట్టి పెంపకందారు కొత్త కలయికల వెంట పరుగెత్తక తప్పదు.

ఆ పరుగులో ధర లెక్కలోకి రాని వాటికి స్పైడర్ ఉదాహరణ. ఆ గీతలను ఇచ్చే జన్యువే తల వణుకును, తూలుడును కూడా తెస్తుంది. కొన్ని పాములు తలకిందులై ఎలుకను అందుకోలేక తిప్పలు పడతాయి. ఇది తెలిసీ ఏళ్లపాటు అమ్మారు, ఇప్పటికీ అమ్మేవారు ఉన్నారు. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ మాత్రం తన ప్రదర్శనల్లో స్పైడర్ అమ్మకాన్ని నిషేధించింది.

మన దేశానికి ఈ పాములు వచ్చిన దారి ఎక్కువగా విమానాల్లో చేతిసంచుల దారి. 2023 జులైలో తిరుచ్చి విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి దిగిన ప్రయాణికుడి సంచిలో 47 పైథాన్లు, రెండు బల్లులు పట్టుబడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరులో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 78 జంతువులు దొరికితే వాటిలో 55 బాల్ పైథాన్లు. ఆరు కోతులు అప్పటికే చనిపోయాయి. ఇక్కడి ధరలో జన్యువుతో పాటు ఈ దొంగదారి ఖర్చు, దారిలో చచ్చినవాటి నష్టం కూడా కలుస్తాయి. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, అనుమతి లేని రవాణా నేరం.

కొన్నవారి దగ్గర ఉన్నవాటిని లెక్కలోకి తేవడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో స్వచ్ఛంద ప్రకటన పథకం పెట్టింది. ఆరు నెలల లోపు చెప్పినవారిని కాగితాలు అడగలేదు. వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, సైటిస్ జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు వాటి నమోదును తప్పనిసరి చేశాయి. పుట్టుక, చావు, చేతులు మారడం అన్నీ కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో చెప్పాలి. అప్పటి నుంచి కాగితం ఉన్న పాము, కాగితం లేని పాము రెండు వేర్వేరు సరుకులు. ఆరు నెలల గడువు ఇచ్చి ప్రశ్నలు అడగకపోవడం దొంగసరుకును కడిగి ఇచ్చినట్టయిందన్న విమర్శ నాకు సమంజసంగానే తోస్తుంది.

ఇదంతా నగరాల కథ. రాజురా, కిన్వట్ వైపు ఆ వీడియోలకు ఇంత బలం రావడానికి కారణం, ఇక్కడ అంతకు ముందే ఇంకో పాము ధర పాతుకుపోయి ఉండటం. తోక మొద్దుగా, తలలాగే కనిపించే రెండు తలల పాము. మరాఠీలో మాండూళ్. విషం లేనిది, ఎలుకలు తిని రైతుకు మేలు చేసేది. దాని బరువు పెరిగేకొద్దీ లక్షలు కోట్లవుతాయని, ఏదో మందుకు వాడతారని, గుప్తనిధులు చూపుతుందని పుకారు. వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ సొసైటీ ఇండియా 2016 నుంచి 2021 వరకు ఈ పాము అక్రమ వ్యాపారంలో 172 ఘటనలు లెక్కకట్టింది, వాటిలో అత్యధికం మహారాష్ట్రలోనే.

రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బాల్ పైథాన్ ధర ఎంత పిచ్చిగా ఉన్నా దాని వెనక గుడ్ల లెక్క ఉంది, కొన్నవాడు బహిరంగంగా కొంటాడు, ధర పడిపోతే అందరికీ కనిపిస్తుంది. మాండూళ్‌కు ఆఖరి కొనుగోలుదారు కనిపించడు. దళారి ఇంకో దళారికి చెబుతాడు, అతడు హైదరాబాద్‌లోనో నాగ్‌పూర్‌లోనో పార్టీ ఉందంటాడు, బయానా చేతులు మారుతుంది, చివరన దొరికేది పామును పట్టినవాడు. చాలాసార్లు అతను కూలి మనిషే. ఎవరూ కొననిదానికి ధర పడిపోవడం కూడా కుదరదు, అందుకే ఈ పుకారు ఇన్నేళ్లయినా తగ్గలేదు. ఇప్పుడు విదేశీ వీడియోలు దానికి సాక్ష్యంలా పనికొస్తున్నాయి: చూడు, ఫోన్‌లోనే ధర రాశారు కదా అని.

పొలంలో కనిపించే తెల్ల నాగుపాముకైనా, తెల్ల కట్లపాముకైనా ఆ విదేశీ లెక్క వర్తించదు. దాని రంగు దిగుతుందో లేదో తేలాలంటే ఏళ్ల తరబడి పెంచి, జత కట్టించి, గుడ్లు పొదిగించాలి. మన పాములను అలా పెంచడం మాట అటుంచి, పట్టి ఇంట్లో ఉంచుకోవడమే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కొండచిలువ లాంటి, అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జీవి అయితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. రాజురాలోనైనా, సరిహద్దు దాటి ఆదిలాబాద్‌లోనైనా చట్టం ఒకటే.