కౌంటర్‌లో కూర్చుని చూస్తే: హోటల్ బిల్లు పంచుకోవడంలో అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఒక మండి హోటల్ క్యాష్ కౌంటర్‌లో తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాను. మండి అంటేనే ఒక్క పళ్లెం చుట్టూ నలుగురు చేరి తినేది. తినేటప్పుడు ఎవరి ముద్ద ఎంతో ఎవరూ చూడరు. చేతులు కడుక్కుని నా దగ్గరకు వచ్చాకే లెక్కలు మొదలవుతాయి.

అపోహ: తలా ఇంత అని సమానంగా వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: అందరూ ఒకటే తింటే నిజమే. మొన్నొక శనివారం ఐదుగురు దోస్తులు వచ్చారు. అందులో ఒకతను శనివారం నీసు ముట్టడు. మిగతా నలుగురికి మటన్ మండి 1,480, అపోలో ఫిష్ 320. అతనికి పనీర్ ఫ్రైడ్ రైస్ 200. ఐదుగురికీ ఖుబానీ కా మీఠా 450, నీళ్ల బాటిళ్లు 50. మొత్తం 2,500, జీఎస్టీతో 2,625. "తలా 525 కొట్టండ్రా" అన్నాడొకడు. అతను ఏమీ అనలేదు, స్కాన్ చేశాడు. అయిదు వందల ఇరవై అయిదు రూపాయలు అందాయని సౌండ్‌బాక్స్ గట్టిగా చెప్పింది.

నిజానికి అతని వాటా ఫ్రైడ్ రైస్ 200, మీఠా 90, నీళ్లు 10, పైన పన్ను 15, అంటే 315. అతని జేబులోంచి 210 ఎక్కువ పోయింది. మిగతా వాళ్లకు కలిసొచ్చింది మాత్రం తలా 52 రూపాయల 50 పైసలే. అందుకే వాళ్లకు ఆ సంగతి తట్టదు, అతనికి మాత్రం ఇంటికి పోయేదాకా గుర్తుంటుంది. తక్కువ తిన్నవాడు తనంతట తాను అడగడు. పక్కవాడే "వీడిది వేరే వేద్దాం" అనాలి.

అపోహ: మెనూ రేట్లు చూసి ఎవరిది వాళ్లు కలుపుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అలా పోగేసిన పైసలు దాదాపు ప్రతిసారీ తక్కువే వస్తాయి. పన్ను మర్చిపోతారు, మధ్యలో చెప్పిన నీళ్ల బాటిల్, రెండు రోటీలు ఎవరి ఖాతాలోనూ పడవు. సులువైన దారి ఒకటుంది. బిల్లులో చివరి మొత్తాన్ని ఐటమ్స్ మొత్తంతో భాగించండి. పై బిల్లుకు 1.05 వస్తుంది. ఎవరి ఐటమ్స్ మొత్తాన్ని వాళ్లు దాంతో గుణించుకోవాలి. పది శాతం డిస్కౌంట్ ఉంటే అదే బిల్లు 2,362.50 అవుతుంది, అప్పుడు 0.945తో గుణించాలి. శనివారం అతనిది 283.50 తేలుతుంది. కూపన్ ఎవరి ఫోన్‌లో ఉన్నా బిల్లులో తగ్గింది అందరిదీ అనే నా అభిప్రాయం.

అపోహ: సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండుసార్లు పన్ను గుంజుతారు.

వాస్తవం: ఐదు శాతంలోనే కేంద్రానికి (సీజీఎస్టీ), రాష్ట్రానికి (ఎస్జీఎస్టీ) చెరి 2.5. మామూలు రెస్టారెంట్లకు 2017 నవంబరు నుంచి ఇదే రేటు, గది అద్దె ఎక్కువుండే పెద్ద హోటళ్ల సంగతి వేరు. కాంపోజిషన్ స్కీమ్‌లో, అంటే తమ అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లయితే కస్టమర్ దగ్గర జీఎస్టీ తీసుకోనేకూడదు. మందు జీఎస్టీ కిందకు రాదు కాబట్టి బార్‌కు వెళ్తే దాన్ని వేరే బిల్లు చేయించండి. తాగనివాడు కూల్‌డ్రింక్‌తో కూర్చుని అందరి పెగ్గులకూ వాటా కట్టడం చూస్తే నాకే బాధేస్తుంది. సర్వీస్ చార్జీ కూడా తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వద్దంటే తీసేయాలి.

అపోహ: బిల్లు వేరు వేరుగా ఇవ్వమంటే హోటలోళ్లు ఒప్పుకోరు.

వాస్తవం: ఆర్డర్ ఇచ్చేటప్పుడే "భాయ్, ఇది వేరే బిల్లు" అనండి, వెయిటర్ వేరే రాసుకుంటాడు. బిల్లు ప్రింట్ అయ్యాక అడిగితే దాన్ని క్యాన్సిల్ చేసి మళ్లీ కొట్టాలి, క్యాన్సిల్ బిల్లులకు రాత్రి ఓనర్‌కు జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఒకే బిల్లును నలుగురు నాలుగు స్కాన్‌లు చేస్తే మాత్రం మాకేం ఇబ్బంది లేదు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తప్ప.

అపోహ: దావత్ అన్నవాడే బిల్లు కట్టాలి.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ గొడవలు. "దావత్ ఇస్తున్నా" అంటే అతనే కడతాడు. "దావత్ చేసుకుందాం" అంటే తలా కొంత. ఫోన్‌లో "సాయంత్రం దావత్" అని మాత్రమే పెడతారు, కౌంటర్ దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నిజంగా ఇవ్వాలనుకున్నవాడు భోజనం మధ్యలో చేయి కడుక్కునే వంకతో లేచి వచ్చి కార్డు నా చేతిలో పెట్టిపోతాడు. తర్వాత మిగతావాళ్లొచ్చి "అన్నా, వాడిది ఎందుకు తీసుకున్నవ్" అని నా మీద పడతారు.