హైతీ చేత రాయించుకున్న నోటు

ఒకప్పుడు తన వలసగా ఉన్న కరీబియన్ దేశం హైతీకి ఫ్రాన్స్ డబ్బు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. రెండు దేశాల చరిత్రకారులతో ఉమ్మడి కమిషన్ వేస్తున్నట్టు ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ 2025 ఏప్రిల్ 17న ప్రకటించారు. బానిసలు తిరగబడి నెపోలియన్ సైన్యాన్ని ఓడించడం, 1804 జనవరి 1న స్వతంత్ర దేశంగా నిలబడడం చాలామందికి తెలిసిన కథే. కానీ ఇప్పటి తగాదాకు మూలం ఆ విజయంలో లేదు. 21 ఏళ్ళ తర్వాత వచ్చిన ఒక కాగితంలో ఉంది.

1825 జులైలో బారన్ ద మకో అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ రేవుకు వచ్చాడు. 14 యుద్ధనౌకలు, 500కు పైగా ఫిరంగులు అతనికి దన్ను. చేతిలో రాజు పదో చార్లెస్ ఏప్రిల్ 17న సంతకం పెట్టిన ఫర్మానా ఉంది. మేక్రాన్ ప్రకటనకు ఆ తేదీనే ఎంచుకోవడానికి కారణం అదే, సరిగ్గా 200 ఏళ్ళు. హైతీ రేవుల్లో ఫ్రెంచి నౌకలకు సుంకం సగమే ఉండాలి. 15 కోట్ల ఫ్రాంకులు అయిదు వార్షిక వాయిదాల్లో కట్టాలి. ఈ షరతుల మీద హైతీకి స్వాతంత్ర్యం 'ఇస్తున్నాం' అని అందులో రాశారు. అప్పటికి రెండు దశాబ్దాల కిందటే వాళ్ళు తెచ్చుకున్న స్వాతంత్ర్యాన్నే!

ఇంతకీ ఆ పరిహారం ఎవరికి? తోటలూ బానిసలూ చేజారిన పాత యజమానులకు. అంటే విడిపించుకున్న మనిషే తన వెలను తను కట్టుకోవాలి. 15 కోట్లంటే ఎంతో తెలియాలంటే ఒక పోలిక చాలు. 1803లో ఇదే ఫ్రాన్స్ లూసియానా అనే మహా భూభాగం మొత్తాన్ని అమెరికాకు అమ్మింది దాదాపు 8 కోట్ల ఫ్రాంకులకు.

మొదటి వాయిదా 3 కోట్లు. హైతీ ఖజానాలో అంత డబ్బు లేదు, దాంతో పారిస్ బ్యాంకుల దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది. వాళ్ళు 3 కోట్లకు పత్రం రాయించుకొని, తమ వాటా కోసుకొని, 2.4 కోట్లు ఇచ్చారు. పది వేలకు ప్రామిసరీ నోటు రాయించుకొని ఎనిమిది వేలు చేతిలో పెట్టే వడ్డీ వ్యాపారిని మనం ఎరుగుదుం, లెక్క అచ్చంగా అదే. తగ్గిన సొమ్ముకు ఖజానాలో ఉన్నదంతా ఊడ్చి పంపారు. పరిహారం ఫ్రాన్స్‌కు, దాన్ని కట్టడానికి చేసిన అప్పు మీద వడ్డీ కూడా ఫ్రాన్స్‌కే. చరిత్రకారులు దీన్ని జోడు అప్పు అంటారు. అటు సగం సుంకం షరతు వల్ల కట్టాల్సినవాడి రాబడికే గండి పడింది. నా మటుకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద దుర్మార్గం ఇదే.

ఆ బరువు చివరికి కాఫీ పండించే రైతు నెత్తిన పడింది. 1826లో హైతీ అధ్యక్షుడు బోయర్ తెచ్చిన గ్రామీణ చట్టం కూలీలను మళ్ళీ పొలాలకు కట్టిపడేసింది. బాకీ తీర్చడానికి మళ్ళీ అప్పు, దానికి మరో అప్పు. పోనుపోను ఆ అప్పుల్లోకి అమెరికా బ్యాంకులూ దిగాయి. 1914 డిసెంబరులో అమెరికా నౌకాదళ సైనికులు హైతీ జాతీయ బ్యాంకులోకి వెళ్ళి 5 లక్షల డాలర్ల బంగారం ఎత్తుకొని న్యూయార్క్ తరలించారు. మరుసటి ఏడాది దేశాన్నే ఆక్రమించి 1934 దాకా కూర్చున్నారు. ఆ అప్పుల గొలుసు 1947లో గానీ తెగలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది!

ఫ్రాన్స్ వైపు చెప్పేవాళ్ళ మాటా ఉంది. పరిహారం ఇస్తామన్న ఆలోచన మొదట హైతీ నాయకుడు పెత్యోన్‌దేననీ, బోయర్‌కు దౌత్య గుర్తింపు దక్కిందనీ, 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించామనీ, హైతీ పాలకుల అవినీతి సంగతేమిటనీ అంటారు. ఇవి కొట్టిపారేసేవి కావు. కాకపోతే రేవులో ఫిరంగులు ఎందుకున్నాయో వీటిలో ఏదీ చెప్పదు.

2003 ఏప్రిల్‌లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ ఏకంగా బిల్లే ముందు పెట్టాడు: 2,168 కోట్ల డాలర్ల పైన, చివర 48 సెంట్లతో సహా. పారిస్‌లో నవ్వుకున్నారు. 2004 ఫిబ్రవరి 29న ఆయన్ని అమెరికా విమానం దేశం దాటించింది. రాజీనామా చేశారని అమెరికా, ఎత్తుకెళ్ళారని ఆయన. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ డిమాండ్‌ను వదిలేసింది. 2015లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాండ్, ఫ్రాన్స్ ఏలుబడిలోని కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మాట్లాడుతూ హైతీ బాకీ తీరుస్తానన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొన్ని గంటల్లోనే, అది నైతిక బాకీ, డబ్బు కాదు అని ఆయన సిబ్బంది సర్దిచెప్పారు.

బానిసత్వానికి పరిహారం అనగానే ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి అన్న ప్రశ్న ఎదురై మిగతా చోట్ల చర్చ ఆగిపోతుంది. హైతీ విషయంలో ఆ వంక చెల్లదు. ఎవరు కట్టారో, ఎవరు పుచ్చుకున్నారో, ఎంతో, ఏ బ్యాంకు నుంచో కాగితాల మీదే ఉంది. అందుకే హైతీవాళ్ళు దీన్ని పరిహారం అనడానికి కూడా ఒప్పుకోరు, కట్టిన సొమ్ము వాపసు ఇమ్మంటారు.

మేక్రాన్ ప్రకటన ఆ దేశ స్వేచ్ఛకు వెల కట్టడం అన్యాయమని ఒప్పుకుంది. ఎంత వాపసిస్తారన్నది మాత్రం అందులో లేదు.