స్విచ్ఛాఫ్ చేసి దాచిన ఎస్‌ఎస్‌డీ: పదేళ్లు దాటినా తేలని తగాదా ఎక్కడ మొదలైంది?

కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పక్కన పెట్టేస్తే ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవులో) డేటా పోతుందా, పోదా అన్న వాదన మళ్లీ రేగింది. ఫొటోలు, సర్టిఫికెట్లు, పాత ప్రాజెక్టులు అన్నీ హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మార్చి సొరుగులో పెట్టినవాళ్లు టెన్షన్ పడుతున్నారు. 'మూడేళ్ల తర్వాత తీసి చూశాం, అన్నీ భద్రంగా ఉన్నాయి, ఊరికే భయపెట్టకండి' అంటున్నారు ఇంకొందరు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు, అందుకే ఇది ఎప్పటికీ తేలట్లేదు. ఫ్లాపీలు, సీడీలు, జిప్ డ్రైవ్‌లు ఎలా వచ్చాయో ఎలా పోయాయో అందరికీ తెలుసు, ఆ కథంతా వదిలేస్తున్నాను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2014 సెప్టెంబర్ నుంచి 2015 మే దాకా ఏం జరిగిందో చూడాలి.

శామ్‌సంగ్ 840 ఈవో 2013లో వచ్చింది. ధర అందుబాటులో ఉండి వేగం కూడా బాగుండటంతో, హార్డ్‌డిస్క్ వదిలి మొదటిసారి ఎస్‌ఎస్‌డీ వైపు వచ్చినవాళ్లు చాలామంది దాన్నే తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఒక తేడా బయటపడింది. నిన్న రాసిన ఫైలును సెకనుకు 500 ఎంబీ వేగంతో చదివే డ్రైవు, నెలల కిందట రాసి మళ్లీ ముట్టుకోని ఫైలు దగ్గరికి వచ్చేసరికి 100 ఎంబీ లోపుకి పడిపోతోంది. డేటా పోలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కానీ ఫైలు ఎంత పాతదైతే అంత నెమ్మదిగా చదువుతోందంటే లోపల ఏదో మారుతోందనే కదా.

మారుతున్నది ఛార్జి. ఫ్లాష్ మెమరీ సెల్‌లో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచుతారు, ఛార్జి ఎంత ఉందో కొలిచి అందులో ఏ బిట్లు ఉన్నాయో తెలుసుకుంటారు. ఆ ఛార్జి చుట్టూ ఉన్న సన్నని పొర గుండా కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది, రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర ఇంకాస్త దెబ్బతింటుంది, వేడి పెరిగితే కారడం ఇంకా వేగమవుతుంది. సెల్‌కి ఒక్క బిట్ రాసే ఎస్‌ఎల్‌సీలో రెండే స్థాయిలు కాబట్టి కొంత కారినా ఇబ్బంది లేదు. 840 ఈవోలో వాడింది మూడు బిట్ల టీఎల్‌సీ, అంటే ఎనిమిది స్థాయిలు, అదీ 19 నానోమీటర్ల చిన్న సెల్స్‌లో. చెంబులో నీళ్లు సగానికి పైన ఉన్నాయా కింద ఉన్నాయా అని చూడటం వేరు, అదే చెంబు మీద గీతలు దగ్గరదగ్గరగా గీసి నీళ్లు ఎన్నో గీత దగ్గర ఉన్నాయో చెప్పమనడం వేరు. కొంచెం తగ్గితే చాలు, పక్క గీత దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు డ్రైవును నడిపే చిప్, అంటే కంట్రోలర్, వోల్టేజీలు మార్చి మార్చి మళ్లీ చదవాలి, తప్పులు సరిదిద్దుకోవాలి. ఆ నెమ్మది అక్కడి నుంచి వచ్చింది.

2014 అక్టోబర్‌లో శామ్‌సంగ్ ఒక టూల్ విడుదల చేసింది. ఛార్జి మార్పును లెక్కలోకి తీసుకునే అల్గారిథమ్‌లో లోపం ఉందని, దాన్ని సరిచేశామని చెప్పింది. ఆ టూల్ డ్రైవులో ఉన్న డేటా మొత్తాన్ని ఒకసారి తిరగరాసింది, వేగం తిరిగొచ్చింది. కొన్ని నెలలకి అదే ఫిర్యాదు మళ్లీ మొదలైంది. 2015 ఏప్రిల్‌లో ఇంకో ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చారు, ఇది వేరే తరహా: పని లేని సమయంలో డ్రైవు తనంతట తానే పాత డేటాను ఎప్పటికప్పుడు తిరగరాసుకుంటుంది. డ్రైవు చాలాకాలం ఆపేసి ఉంటే మాత్రం ఈ పని జరగదు కాబట్టి, తన మెజీషియన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆప్షన్ నడిపి వేగం తెచ్చుకోవాలని కంపెనీయే చెప్పింది.

నా దృష్టిలో అసలు మలుపు ఈ రెండో ఫర్మ్‌వేరే. 'ఏ మీడియా మంచిది' అన్న ప్రశ్న అంతకుముందు దాకా వేగం, ధర, మన్నిక చుట్టూ తిరిగింది. ఇక్కడి నుంచి ఇంకో ప్రశ్న వచ్చి చేరింది, ఈ డ్రైవుకి కరెంటు ఎంత తరచుగా తగులుతుందని. పాత డేటాను కాపాడేందుకు డ్రైవు మెలకువగా ఉండాలని తయారీదారే పరోక్షంగా ఒప్పుకున్నప్పుడు, దాన్ని స్విచ్ఛాఫ్ చేసి దాచుకునేవాళ్లకి ఆ సంగతి పెట్టె మీదే చెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు.

ఆ వెంటనే 2015 మేలో వార్త పేలింది: ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా వదిలేస్తే ఏడు రోజుల్లో డేటా పోవచ్చని. దానికి ఆధారం జెడెక్ ప్రమాణాల సంస్థకు చెందిన పాత ప్రెజెంటేషన్‌లోని ఒక పట్టిక. ఆ సంస్థలో ఎస్‌ఎస్‌డీ ప్రమాణాలు చూసే కమిటీ అధ్యక్షుడు, సీగేట్ ఇంజనీర్ ఆల్విన్ కాక్స్ తర్వాత వివరణ ఇచ్చారు, ఆ అంకెల్ని తప్పుగా చదివారని. ఆయన చెప్పింది నిజమే. ఆ పట్టిక కొత్త డ్రైవు గురించి కాదు, రాయగలిగినంతా రాసేసి జీవితకాలం అయిపోయిన డ్రైవు గురించి. పైగా ఏడు రోజులనేది చల్లగా ఉన్నప్పుడు రాసి 55 డిగ్రీల వేడిలో దాచినప్పటి సంగతి.

భయం చల్లారింది, వార్తలు ఆగిపోయాయి. కానీ ఆ వివరణతో పాటు అసలు అంకె కూడా మరుగున పడింది, నన్ను బాధపెట్టేది అది. 2010 నాటి జెడెక్ ప్రమాణం జేఈఎస్‌డీ 218 ప్రకారం, మామూలు వాడకానికి అమ్మే ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి అయిపోయాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర డేటా నిలపాల్సింది ఒక్క ఏడాది. సర్వర్ల కోసం చేసేవాటికి 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. దాచిన చోట ఐదు డిగ్రీలు పెరిగితే ఆ గడువు దాదాపు సగానికి పడుతుంది. పెద్దగా వాడని డ్రైవు దీనికన్నా చాలా ఎక్కువకాలం ఆగుతుంది, సొరుగులో మూడేళ్లున్నా ఏమీ కాలేదనేవాళ్ల అనుభవానికి కారణం అదే. కానీ చాలామంది దాచడానికి పెట్టేది కొత్త డ్రైవు కాదు, ల్యాప్‌టాప్‌లో ఏళ్లు వాడి తీసేసినది.

కంపెనీల వాదన న్యాయంగా చెప్పాలంటే: సెల్స్‌ని నిలువుగా పేర్చే 3డీ నాండ్ ఫ్లాష్ వచ్చాక సెల్ పరిమాణం మళ్లీ పెరిగింది, తప్పులు సరిదిద్దే పద్ధతులు మెరుగయ్యాయి, 840 ఈవో లాంటి సమస్య ఇప్పుడు లేదు. ఇందులో నిజం ఉంది. అయితే ఆ మెరుగుదలతో దొరికిన వెసులుబాటును వాళ్లు ఎక్కడ ఖర్చుపెట్టారో కూడా చూడాలి. 2018కల్లా సెల్‌కి నాలుగు బిట్లు, అంటే 16 స్థాయిలుండే క్యూఎల్‌సీ మామూలు డ్రైవుల్లోకి వచ్చేసింది. 2021లో క్రూషియల్ పీ2 మోడల్‌లో పేరు మార్చకుండానే టీఎల్‌సీ తీసి క్యూఎల్‌సీ పెట్టారని తేలింది. అదే ఏడాది వెస్ట్రన్ డిజిటల్ ఎస్‌ఎన్550లోనూ లోపలి ఫ్లాష్ మారింది, పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు వేగం పడిపోయింది. లోపల ఏముందో కొనేవాడికి తెలియనప్పుడు ఎంతకాలం నిలుస్తుందో లెక్క వేసేదెలా?

ఇదంతా చదివి హార్డ్‌డిస్కే నయమనుకునేవాళ్లున్నారు. దాచడం వరకూ నేనూ వాళ్ల వైపే. అయస్కాంత ముద్ర కరెంటు లేకపోయినా ఏళ్లపాటు నిలుస్తుంది. అక్కడ పాడయ్యేది యంత్రం, అంటే మోటారు, హెడ్లు. క్లౌడ్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2013 నుంచి తన డేటా సెంటర్లలో హార్డ్‌డిస్క్‌లు ఎన్ని పోతున్నాయో ప్రచురిస్తోంది, ఈ మధ్య ఏళ్లలో అది ఏటా 1 నుంచి 2 శాతం మధ్య ఉంటోంది. అవి రోజంతా తిరిగే డిస్కులనుకోండి. కానీ ఈ పరిశ్రమ కూడా దాపరికం లేనిదేం కాదు: నాస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే స్టోరేజీ పెట్టె) కోసమని అమ్మిన వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డ్రైవుల్లో కొన్నింటిలో ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి వాడారన్న సంగతి, రెయిడ్‌లో (చాలా డిస్కుల్ని ఒకటిగా కలిపి వాడే ఏర్పాటులో) కొత్త డిస్క్ చేర్చలేక జనం తల పట్టుకున్నాక 2020 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. అప్పటికి అడిగి చూసుకునే దిక్కు కూడా తగ్గిపోయింది, 2012 నుంచి హార్డ్‌డిస్క్ తయారీదారులు మిగిలింది ముగ్గురే.

రాసే బ్లూరే డిస్కుల మాటా వస్తోంది. కరెంటుతో పనిలేదు, పొరపాటున చెరిగిపోదు, నిజమే. కానీ సోనీ 2025 ఫిబ్రవరిలో వాటి తయారీ ఆపేసింది. డిస్కు నిలిచినా చదివే డ్రైవు దొరకడం ఏడాదికేడాది కష్టమవుతుంది.

ఇప్పటి తగాదాలో ఇంకా జవాబు రానిది ఒకటుంది. 'ఏడాదికోసారి కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, అదే రిఫ్రెష్ అవుతుంది' అని ధైర్యం చెబుతున్నారు చాలామంది. అది డ్రైవును బట్టి ఉంటుంది. కొన్ని ఫర్మ్‌వేర్లు ఖాళీ సమయంలో పాత బ్లాకుల్ని వెతికి తిరగరాస్తాయి, కొన్ని చదివినప్పుడు తప్పులు ఎక్కువ కనిపిస్తేనే ఆ పని చేస్తాయి. చవక పెన్‌డ్రైవుల్లో దీన్ని ఆశించకపోవడమే మంచిది. ఏ డ్రైవు ఏం చేస్తుందో కంపెనీలు సాధారణంగా బయటపెట్టవు. స్పెసిఫికేషన్ షీట్లలో వేగం ఉంటుంది, ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో ఉంటుంది, వారంటీ ఉంటుంది, కరెంటు లేకుండా ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాత్రం ఎక్కడో గానీ కనిపించదు.

అది అచ్చు వేసేదాకా, దాచిన ఎస్‌ఎస్‌డీని ఊరికే తగిలించి తీసేస్తే సరిపోదు. మొదట్లోనే ఫైళ్లకి చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే అంకె) తీసి పెట్టుకుని, ఏడాదికోసారి మొత్తం చదివించి సరిచూసుకోవాలి, ఇంకో కాపీ హార్డ్‌డిస్క్ మీద ఉంచాలి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారం చేసిన 3-2-1 పద్ధతిలో (మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒక కాపీ వేరే చోట) 2 అంటే ఇదే, కాపీలు రెండు రకాల మీడియా మీద ఉండాలని.