పదిహేడు సర్టిఫికెట్లున్నా కొలువెందుకు రాలే? అపోహలు - వాస్తవాలు

పోయిన సోమవారం హాలియా దిక్కు నుంచి ఒక తండ్రి వచ్చిండు. చేతిల ప్లాస్టిక్ ఫైలు. పక్కన బీటెక్ సీఎస్‌ఈ అయిపోయిన కొడుకు, తలెత్తి చూస్తలేడు. "మేడం, పిల్లగాడు పదిహేడు సర్టిఫికెట్లు చేసిండు. ఒక్క కంపెనీ పిలుస్తలేదు. ఇంకోటేదన్న ఉంటే చెప్పుండ్రి, అప్పు తెచ్చన్న చేపిస్త" అన్నడు.

నల్లగొండల ప్లేస్‌మెంట్ పని చూడబట్టి ఆరేండ్లు. అంతకుముందు హైదరాబాద్‌ల ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేదాన్ని. ఈ ఫైలు నాకు కొత్త కాదు, మనుషులే మారుతుంటరు.

తెరిచి చూస్తే పన్నెండు రెండు మూడు గంటల వీడియో కోర్సులవి. మూడు వెబినార్‌ల కూసున్నందుకు ఇచ్చినవి. మిగిలిన రెండు ఇంటర్న్‌షిప్‌లు: నాలుగేసి వారాలు, ఒకదానికి 3,000, ఇంకోదానికి 4,500. కట్టింది పిల్లగాడే. ఆఫర్ లెటర్ వాట్సాప్‌ల వచ్చిందట. లాగిన్ పేజీ, కాలిక్యులేటర్ చేసి పంపమన్నరట. "చేసినవా?" అంటే, "గిట్‌హబ్‌ల వేరేటోళ్ల కోడ్ దొరికింది, అదే పెట్టిన మేడం" అన్నడు మెల్లగ. అబద్ధం చెప్పనందుకు సంతోషమే అనిపించింది.

అపోహ: పైసలు కట్టి తెచ్చుకున్నా ఇంటర్న్‌షిప్ ఇంటర్న్‌షిప్పే. కాగితముంటే చాలు.

అన్నిటికన్న ఎక్కువ ఇండ్లు ముంచుతున్నది ఇదే, అందుకే దీని మీదనే ఎక్కువ చెప్త. మీరు పైసలిచ్చి నేర్చుకుంటే అది కోర్సు. మంచి కోర్సయితే తప్పేం లేదు, కాని దాన్ని ఇంటర్న్‌షిప్ అనొద్దు. మీ పని ఇంకొకరికి అవసరమై, అది తప్పయితే వాళ్లకు నష్టమై, మిమ్మల్ని పిలిచి దిద్దితే అది ఇంటర్న్‌షిప్. సీలు, క్యూఆర్ కోడు ఎన్నున్నా లాభం లేదు.

ఇంటర్వ్యూల ఏమైతదో చెప్త. రెజ్యూమెల ఆ లైను చూడంగనే నేనడిగేది ఒక్కటే: "అక్కడ ఏం చేసినవ్?" జవాబు బట్టి ఇంకో ప్రశ్న. నీ పని రోజూ ఎవరు చూసేది? ఏం తప్పు చేసినవ్, ఎట్ల బయటపడ్డది? కొనుక్కున్నోళ్లు మూడో ప్రశ్న దాటిందే లేదు. ఆ లైను లేకుంటే సబ్జెక్టుల నుంచి అడుగుదుము, ఎంతో కొంత చెప్తుండె. ఉన్నందుకే అసలు మార్కుల మెమో మీద కూడ అనుమానమొస్తది. పైసలు పెట్టి అనుమానం కొనుక్కున్నట్టు.

ఈ దుకాణాలు ఎట్ల లేచినయంటే, 2018ల ఇంజినీరింగ్ కాలేజీల మీదుండే ఏఐసీటీఈ తన నమూనా సిలబస్‌ల ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాని పిల్లలందరికీ ఒక్కసారే చోటు యాడ దొరుకుతది? కాగితం తెస్తే చాలన్న కాలేజీలున్నయి. ఆ తప్పుల మాలాంటోళ్ల వాటా లేదని నేననను.

నేను సుత ఈ గోతిల పడ్డదాన్నే. ఎంబీఏ అయిపోయినంక 2009ల అమీర్‌పేటల ఒక కోర్సుకు ఫీజు కట్టిన. నాయిన వడ్లమ్మిన పైసలవి. రెండు నెలలు నోట్స్ రాసుకున్న, కొలువు రాలే. బాబాయికి తెలిసినాయన కొత్తూరు ఫ్యాక్టరీల ఉంటే, టైమ్ ఆఫీసుల నెలన్నర ఊకెనే కూసున్న. హాజరు పట్టీలు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు. ఒక కార్మికునికి ఓవర్‌టైమ్ మామూలు రేటే వేసిన. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రెట్టింపు ఇయ్యాలె. ఆయన చీటీ పట్టుకొని నా టేబుల్ దగ్గరికొచ్చిండు, అందరి ముందర. ఆరు నెలలకు ఇంటర్వ్యూల ఓవర్‌టైమ్ గురించే అడిగిన్రు. మర్చిపోతనా?

అపోహ: మన జిల్లాల ఇంటర్న్‌షిప్‌లు యాడున్నయి?

మిర్యాలగూడ మిల్లులు, వాడపల్లి దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు ఎవరివి మరి? బీకాం చదివిన ఒకమ్మాయి రైస్ మిల్లు అకౌంట్స్‌ల మూడు నెలలు చేసింది. ఇంటర్వ్యూల ఆమె చెప్పింది ఒక్కటే: బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైంది. 2022 జులై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాక బియ్యానికి 5 శాతం జీఎస్టీ, ఆపైన లేదు. కిలో కలిపితే పన్ను లేదు! బిల్లుల రెండు రకాల బస్తాలు కలిసిపోయి, 11వ తారీఖు అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 వేసేముందు రాత్రి తొమ్మిదింటి దాక వేరుచేసిందట. ట్యాలీ సర్టిఫికెట్ ఆమె దగ్గర కూడ ఉండె, ఎవరూ అడగలే.

అపోహ: అయితే సర్టిఫికెట్లన్నీ దండుగే.

గట్ల కూడ కాదు. ఐఐటీలోళ్లు ఆన్‌లైన్‌ల చెప్పే ఎన్‌పీటెల్ కోర్సు ఉచితం, పరీక్షకు మాత్రమే ఫీజు. సెంటర్‌కు పోయి రాయాలె గనుక విలువుంది. నెట్‌వర్కింగ్‌కు పోయేటోళ్లకు సిస్కో కంపెనీ పరీక్ష సీసీఎన్‌ఏ పనికొస్తది, కాని మూడేండ్లే చెల్లుతది, ఫస్టియర్‌ల చేసి పెట్టుకోకుండ్రి. ఎదురుంగ మనిషి కూసొని రాయించే పరీక్షయితే మంచిది, రెండు చాలు. పదిహేడు వద్దు.

అపోహ: స్టైపెండ్ ఇచ్చే అప్రెంటిస్‌షిప్ దొరకాలంటే పైరవీ కావాలె.

కేంద్ర సర్కారు అప్రెంటిస్ పోర్టల్ నాట్స్‌ల పేరు నమోదుకు పైసా కట్టేది లేదు. అప్రెంటిస్ రూల్సుకు 2019ల చేసిన సవరణతో డిగ్రీ, బీటెక్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 పెట్టిన్రు. 2024ల ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నెలకు 5,000 పెట్టిన్రు. అది 21 నుంచి 24 ఏండ్లోళ్లకని మొదలువెట్టిన్రు, రూల్సు చూసుకొనే దరఖాస్తు చేయుండ్రి. ఏడాది అయిపోయినంక అదే కంపెనీ ఉంచుకుంటదని మాత్రం రాసియ్యరు. రిజిస్ట్రేషన్ ఫీజు అని ఎవరన్న ఫోన్ చేస్తే పెట్టేయుండ్రి.

అపోహ: రెండేండ్ల ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెడితే ఎవరికి తెలుస్తది?

యూఏఎన్ అంటే పీఎఫ్ ఉన్నోళ్లకిచ్చే నంబరు, అది కొడితే పీఎఫ్ కట్టిన కొలువులు ఎక్కడెప్పుడు చేసిన్రో వస్తది. చేరినంక దొరికితే ఆ రోజే ఇంటికి. దీనిమీద ఇంకేం చెప్ప.

హాలియా పిల్లగాని సంగతి. ఫైలు పక్కన పెట్టించి, తెలిసిన మిల్లాయనకు ఫోన్ చేసిన. లారీలు తూచే వేబ్రిడ్జి చీటీలు చేత్తో రాసుకుంటున్నరు, కంప్యూటర్‌ల ఎక్కించే ప్రోగ్రాం కావాలట. పైసలియ్యడు, మధ్యాహ్నం భోజనం పెడ్తడు. తండ్రి మొఖం చిన్నగైంది, "బీటెక్ చేసి మిల్లులనా?" అన్నడు. పిల్లగాడు మాత్రం పోతనన్నడు.

నిన్న రాత్రి ఫోన్ చేసిండు. ఒకే లారీ ఒకే దినం రెండుసార్లు వస్తే, మొదటి ట్రిప్పు ఖాళీ బరువు తీస్కపోయి రెండో లోడు లెక్కకు వాడుతుందట ప్రోగ్రాం. నలభై కిలోలు తేడా. "డీజిల్ పోసుకొని వచ్చిందేమో మేడం, ఖాళీ బరువే మారిందేమో" అన్నడు. ఇంకా తేలలేదు. రేపు పొద్దుగాల కాంటా కాడ నిలబడి చూస్తడట.